బొల్లారం చర్చి: కట్టినవాళ్లు వెళ్లిపోయాక

చందానగర్‌లో ఎవరినైనా "బొల్లారం ఎటు?" అని అడిగితే మియాపూర్ దాటి ఫ్యాక్టరీల వైపు చెయ్యి చూపిస్తారు. అది ఐడీఏ బొల్లారం. నేను చెప్పబోయేది ఇంకో బొల్లారం గురించి. సికింద్రాబాద్‌కి ఉత్తరాన, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం. చందానగర్ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కి, సికింద్రాబాద్‌లో మేడ్చల్ వైపు వెళ్లే రైలు పట్టుకుంటే చేరిపోవచ్చు. దారిలో 'కావల్రీ బ్యారక్స్' అని ఒక స్టేషన్ వస్తుంది. మనం వెళ్తున్నది ఎలాంటి చోటికో ఆ పేరే చెప్పేస్తుంది.

అక్కడ హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1847లో కట్టారు. పాడుబడ్డ కట్టడం గురించి రాద్దామని వెతుకుతూ దీని దగ్గర ఆగాను. ఎందుకంటే లెక్క ప్రకారం ఇది పాడుబడి ఉండాలి. ఎవరి కోసం కట్టారో వాళ్లు లేరు. ఏ సంఘం కింద కట్టారో ఆ సంఘం పేరు కూడా ఇక్కడ లేదు. అయినా ఆదివారం ఆరాధన జరుగుతూనే ఉంది. ఎలా?

ముందు కట్టినవాళ్ల సంగతి. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం స్థిరపడింది. 1806లో ఆ దండు ఉన్న చోటికి సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. మనవాళ్లు మాత్రం 'లష్కర్' అనే పిలిచారు. అంటే సైన్యం, దండు. బోనాలప్పుడు ఇప్పటికీ ఆ పేరే వింటాం. బొల్లారంలో ఉన్నది ఇంకో దళం, హైదరాబాద్ కాంటింజెంట్. దాన్ని నడిపేది బ్రిటిష్ అధికారులు, ఖర్చు మాత్రం నిజాందే. ఆ బాకీ పెరిగి పెరిగి 1853లో బేరార్ జిల్లాలను కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఈ దళం అధికారులు, వాళ్ల కుటుంబాలు ఆదివారం ప్రార్థన చేసుకోవడానికి కట్టిందే ఈ ఆంగ్లికన్ చర్చి. ఆంగ్లికన్ అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందినది. ఆ ఇంగ్లండ్ చర్చికి అక్కడి రాజు లేక రాణి అధినేత. దీనికి విక్టోరియా రాణి తన సొంత సొమ్ము ఇచ్చిందని చెప్పుకుంటారు.

ఇప్పుడు కట్టడం. సివిల్ వాళ్లకి తెలిసిందే అయినా మిగతా బ్రాంచిల కోసం కాస్త వివరంగా చెప్తా. కోఠీలో రెసిడెన్సీ చూశారా? అందులో పెద్ద పెద్ద కొరింథియన్ స్తంభాలు, గ్రీకు రోమన్ పోకడ. నలభై ఏళ్లు తిరిగేసరికి ఇంగ్లండ్‌లో మోజు మారింది. మధ్యయుగాల గోథిక్ శైలే అసలైన క్రైస్తవ శైలి అనుకున్నారు. లండన్ పార్లమెంటు భవనాన్ని కూడా 1840 నుంచి అదే శైలిలో తిరిగి కట్టడం మొదలుపెట్టారు. ఆ గాలే బొల్లారం దాకా వచ్చింది. పైకి పొడుచుకెళ్లే శిఖరాలు, కోసుగా ఉండే కిటికీలు, వాటిలో రంగుటద్దాల బొమ్మలు అన్నీ ఆ శైలివే.

కోసు కమాను అందం కోసమే కాదు. సగం వృత్తంలా ఉండే కమాను మీద బరువు పడితే అది పక్కలకి గట్టిగా తోస్తుంది. అదే వెడల్పుకి కమానుని కోసుగా, ఎత్తుగా కడితే ఆ పక్క తోపు తగ్గి, బరువు ఎక్కువగా కిందికి దిగుతుంది. మిగిలిన తోపుని గోడ బయట ఆనించి కట్టే దిమ్మలు అడ్డుకుంటాయి. అలా గోథిక్ కట్టడాల్లో గోడ పల్చబడి, కిటికీ పెరిగి, వెలుగు లోపలికొచ్చింది. మబ్బు పట్టి ఉండే దేశంలో వెలుగు కోసం పుట్టిన పద్ధతిని మన దక్కన్ ఎండలోకి తెచ్చి పెట్టారు. ఊరు మీద బెంగ ఉన్నవాళ్లు కట్టుకున్న ఇల్లులా ఉంటుంది నాకైతే.

తర్వాత ఒక్కొక్కటీ జారిపోయాయి. 1903లో కాంటింజెంట్ భారత సైన్యంలో కలిసిపోయింది. 1947లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు. అదే ఏడు సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు మొదలైన సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. బొల్లారం చర్చి ఇప్పుడు దాని మెదక్ డయాసిస్ కింద ఉంది. ఇక్కడొక తమాషా. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన 36వ పెళ్లిరోజు ప్రార్థన ఈ చర్చిలోనే చేసుకుంది. ఇంగ్లండ్ చర్చి అధినేత, ఇంగ్లండ్ చర్చి కాని చోట, అతిథిగా కూర్చుంది!

"వాళ్ల దండు చర్చి పోతే మనకేంటి?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు రెండు ముక్కల్లో చెప్తా. ఒకటి, ఆ దండుని మేపింది ఈ నేల శిస్తు. కాబట్టి దాని గుర్తులు కూడా మన లెక్కలోవే. రెండు, ఆ దండు మిగిల్చినవి చర్చిలు మాత్రమే కాదు. సికింద్రాబాద్‌లో సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. అదే సైన్యంలో డోలీ మోసిన సురిటి అప్పయ్య, ఉజ్జయినిలో కలరా వచ్చినప్పుడు మొక్కుకుని, 1815లో లష్కర్లో మహంకాళిని ప్రతిష్ఠించాడు. ఒకే దండు, రెండు మొక్కులు. రెండూ ఇప్పుడు ఊరివే అయ్యాయి.

మనవాళ్లే మొదట్నుంచి తమదనుకుని కడితే ఎలా ఉంటుందో చూడాలంటే డోర్నకల్ వెళ్లాలి. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో అక్కడి బిషప్ అయ్యారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ కథీడ్రల్‌లో గుడి మండపం లాంటి స్తంభాలు, మసీదు లాంటి గుమ్మటాలు కనిపిస్తాయి. ఇంగ్లండ్ వైపు చూడదు, చుట్టూ ఉన్న ఊరి వైపు చూస్తుంది.

బొల్లారం చర్చికి ఆ అదృష్టం పుట్టుకతో రాలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఇచ్చారు. కట్టడాన్ని నిలబెట్టేది కమాను, దిమ్మ అని క్లాసులో నేర్చుకుంటాం. నిజమే, కానీ వానకి పైకప్పు కారితే ఎక్కి చూసేవాడు ఉండాలి. వారం వారం తలుపు తీసేవాడు ఉండాలి. కట్టినవాళ్లే కానక్కర్లేదు.

మన చందానగర్ కూడా ఇప్పుడు ఒక లష్కరే కదా. ఉద్యోగం కోసమో చదువు కోసమో వచ్చి దిగినవాళ్లమే చాలామందిమి. రేపు కంపెనీలు ఇంకో వైపు వెళ్లిపోతే ఇక్కడ మనం కట్టుకున్నవాటిలో ఏది మిగులుతుంది? తర్వాత వచ్చేవాళ్లు ఏది తమదనుకుంటారు? ఒక ఆదివారం బొల్లారం వెళ్లి రండి. ఆరాధన అయ్యాక అడిగి లోపలికి వెళ్లండి. పొరపాటున ఐడీఏ బొల్లారం బస్సు మాత్రం ఎక్కకండి.