శ్లేష్మపుటణువులు - పొడవు, పొట్టి

జలుబు చేసిన దినములందు తప్ప శ్లేష్మమును గూర్చి మనము తలంపము. కాని ముక్కు, శ్వాసనాళములు, జీర్ణకోశము మొదలగువానికి లోపలిపూతయై ధూళిని, సూక్ష్మక్రిములను అడ్డగించునది ఇదియే. ఇందు అధికభాగము నీరు. దానికి జిగటతనమును, సాగెడు గుణమును ఇచ్చునవి మ్యూసినులను ప్రోటీనులు.

మ్యూసిను అణువును పూలదండతో పోల్చవచ్చును. నడుమనున్న దారము ప్రోటీను. దానికి గ్రుచ్చిన పూవులు చక్కెర గొలుసులు. సాధారణముగా అణువు బరువులో సగమునకు మించి ఈ చక్కెరలదే. నీటిని పట్టియుంచునవి ఇవియే.

ఈ దండలు అందరియందును ఒకే పొడవున ఉండవు. మ్యూసిన్ 1 అను దానిని చూతము. ఇది పెక్కు అవయవములలో కణముల పైపొర నంటియుండును, తల్లిపాలలోను కానవచ్చును. దీని దారములో 20 అమైనో ఆమ్లములుగల ఒక తునక, పాటలో పల్లవివలె, మరల మరల వచ్చును. ఆ ఆవృత్తి కొందరియందు 20 సార్లకు చేరువ. మరికొందరియందు 100కు పైబడి యుండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి జన్యువు సంక్రమించును గనుక ఒకే మనిషియందు రెండు పొడవులుండుట సామాన్యము. జెల్లు పలకలో విద్యుత్తును ప్రయోగించినపుడు పొట్టివి ముందుకు సాగి, పొడవైనవి వెనుకబడి, రెండు చారలుగా అగపడును. ఈ భేదమునకు మూలము జన్యువులోని ఆవృత్తిసంఖ్యయే యని 1987లో డాలస్ స్వాలోయు, ఆమె సహచరులును ప్రకటించిరి.

పేగులలోను శ్వాసనాళములలోను ఊరు మ్యూసినులు మరియొక విధముగను పెరుగును. అణువులు కొనలయందు గంధకపు బంధములతో ముడివడి పెనువలగా నేర్పడును. ఆ ముడులను త్రెంచి కఫమును పలుచన చేయుటకే వైద్యులు ఎసిటైల్‌సిస్టీన్ అను మందును వాడుదురు.

పొడవులోని భేదము దానంతట అది రోగము కాదు. అయితే ఆ పల్లవిలో ఒక్క అక్షరము అదనముగా చేరినచో, అటుపై పాఠమంతయు తప్పిపోవును. అట్లు పుట్టిన వికృత ప్రోటీను మూత్రపిండ కణములలో పేరుకొని, క్రమముగా వానిని చెడగొట్టును. ఒకే తీరు తునకల వరుసలో దాగియుండుటచే సాధారణ పరీక్షలకు అందని యీ దోషము 2013లో వెల్లడియైనది. తలిదండ్రులలో ఒకరికిది యున్నచో ప్రతి బిడ్డకును సంక్రమించు అవకాశము సగము. కావున అట్టి కుటుంబములో రోగికి మూత్రపిండమీయ ముందుకు వచ్చు రక్తబంధువును ముందుగా పరీక్షించుట అవసరము. కాదేని దాతయే రేపటి రోగి కావచ్చును.