నీలి వందా – పారిజాతపు పంతం

ఒక్క పువ్వు వల్ల పుట్టిన పంతం ఎంతదూరం పోగలదో పారిజాతాపహరణ కథ ఎరిగిన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణి సిగలో చేరినందుకు ఇంద్రుని తోటలోని చెట్టే పెళ్లగింపబడి సత్యభామ పెరటికి వచ్చినది. పువ్వును చూచి ముచ్చటపడుట వేరు. అది తన ముంగిటనే పూయవలెనని పంతం పట్టుట వేరు. ఈ రెండవదాని వల్ల కలిగే అనర్థం పురాణానికే పరిమితం కాలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండులోని శ్రీమంతులను ఆర్కిడ్ మోజు ఆవేశించినప్పుడు, కొల్లపోయిన నందనవనాలలో మన దేశపు ఖాసీ కొండలు ఒకటి. అక్కడి పారిజాతం నీలి వందా.

ఆర్కిడ్ కుటుంబం చాలా పెద్దది. అందులో సుమారు 28,000 జాతులు ఉన్నవని వృక్షశాస్త్రజ్ఞుల లెక్క. కొన్ని నేలమీద మొలుస్తవి. చాలా జాతులు చెట్టు కొమ్మలను పట్టుకొని బ్రతుకుతవి. వీనిలో ఒక తెగకు పాశ్చాత్యశాస్త్రం పెట్టిన పేరు మన సంస్కృతపు మాటయే. చెట్లపై పెరిగే మొక్కకు అమరసింహుడు చెప్పిన నామాలలో ‘వందా’ ఒకటి. ‘వృక్షరుహ’, ‘వృక్షాదని’ అనునవి మరి రెండు. సర్ విలియం జోన్స్ ఈ ‘వందా’ శబ్దాన్ని పాశ్చాత్యులకు పరిచయం చేసినాడు. అయితే వృక్షాదని, అనగా చెట్టును తినునది, అనే పేరు ఆర్కిడ్‌కు తగదు. అసలైన బదనిక ఆశ్రయమిచ్చిన చెట్టు రసాన్ని పీల్చుకొంటుంది. ఆర్కిడ్ అట్లా కాదు. కొమ్మను ఆసరాగా మాత్రమే తీసికొని, గాలిలో వ్రేలాడే లావైన వేళ్లతో వానచినుకును, మంచుతేమను త్రాగి జీవిస్తుంది.

ఈ తెగలోని నీలివర్ణపు పువ్వును 1837లో విలియం గ్రిఫిత్ ఖాసీ కొండలలో కనుగొన్నాడు. పదేళ్ల తరువాత లిండ్లీ దానికి శాస్త్రీయనామం పెట్టినాడు. ఆర్కిడ్లలో నీలం అరుదు. ఆ అరుదైన రంగును, గళ్లుగళ్లుగా గీతలు దీర్చిన అరచేతి వెడల్పు పువ్వులను గుత్తులుగా చూపే మొక్క అంటే తోటల మీద ధనం కుమ్మరించేవారికి నిద్ర పట్టునా?

1850లో జోసెఫ్ హూకర్, తన మిత్రుడు థామస్ థామ్సన్‌తో కూడి ఆ కొండలకు వెళ్లినాడు. గడ్డి కప్పిన మిట్టలమీద వంకరలు తిరిగిన సింధూర వృక్షాలకు నీలి వందా విరగబూసి గాలికి ఊగుతూ కనిపించినది. క్యూ రాజోద్యానం కొరకు వారు ఏడుగురు కూలీలు మోయదగిన మొక్కలు సేకరించినారు. వానిలో ప్రాణాలతో ఇంగ్లండు చేరినవి బహు కొద్ది. వారి వెంట తోటమాలిని పంపి చోటు తెలిసికొన్న ఒక పెద్దమనిషి మాత్రం ఒక్క కూలిమోత పంపగా, వాడిపోయి చేరినప్పటికీ అది 300 పౌన్లకు అమ్ముడుపోయినది. ఒక్కొక్క మొక్క 3 మొదలు 10 పౌన్ల దాకా పలికినది. చురుకైనవాడు ఒక్క ఋతువులో ఖాసీ ఆర్కిడ్ల వల్ల రెండు మూడు వేల పౌన్లు గడింపవచ్చునని హూకర్ తన హిమాలయ యాత్రాగ్రంథంలో వ్రాసినాడు. ఆయన ఉద్దేశం ఏదైనా, చదివినవారికి అది దారి చూపిన దీపమైనది.

ఇందులో మరొక విషాదం ఉన్నది. చేరిన మొక్కలను అక్కడివారు ఉడుకెత్తే అద్దాల గదులలో, ఆవిరిలో, నీడలో ఉంచినారు. కానీ హూకర్ చూచిన అడవిలో నీలి వందా నాచు కూడా పట్టని కొమ్మలమీద, ఎండకు, చలిగాలికి, వానకు, శీతకాలపు కరవుకు ఓర్చుకొని బ్రతుకుతున్నది. వేలుపోసి కొన్నవారు దాని అలవాటు ఏమిటో అడిగి తెలిసికొనలేదు. చచ్చిన మొక్క స్థానంలో మరొక మొక్క కావలసివచ్చినది. దాని కొరకు మరల కొండ ఎక్కవలసివచ్చినది.

కొరత ఎంత పెరిగితే మోజు అంత పెరుగుట ఈ వ్యాపారపు లక్షణం. అస్సాము వైపు నుండి చేరి 1857లో ఇంగ్లండులో పూసిన ‘ఫెయిరీయానం’ అనే పాదుకాకృతి ఆర్కిడ్, కొంతకాలానికి తోటలలో నశించిపోయినది. అది దొరికే చోటు ఎవరికీ తెలియదు. దానిని తిరిగి తెచ్చినవానికి 1,000 పౌన్లు ఇస్తానని శాండర్ అనే వర్తకుడు ప్రకటించినాడు. 1905 నాటికి అది భూటాను కొండలలో మరల కనబడినది. మొక్కలు గుట్టలుగా దిగుమతి అయిన కొలదీ ఆ వెలయూ దిగిపోయినది. పువ్వులో మార్పు లేదు. మారినది లెక్క మాత్రమే. ఇంత వెల పలికినది అందానికా, ఇతరులకు లేదన్న అతిశయానికా?

అట్లని పెంపకందారుల నందరినీ నిందింపరాదు. పది పన్నెండేళ్లు ఓపికపట్టి తొలి పువ్వు చూచినవాని ఆనందం నిర్మలమైనది. అటువంటి ఓపికకు చేయూత ఇచ్చినది శాస్త్రం. ఆర్కిడ్ కాయలో లక్షల కొలది విత్తులు ఉంటవి. కానీ ధూళివంటి ఆ విత్తులలో అంకురానికి పోషణ లేదు. ఒక విధమైన శిలీంధ్రం తోడుంటేనే అవి మొలకెత్తునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ 1899లో గ్రహించినాడు. శిలీంధ్రంతో పనిలేక, చక్కెర, లవణాలు కలిపిన అగర్ మీదనే మొలిపింపవచ్చునని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో నిరూపించినాడు. 1931లో నీలి వందాకు ఫిలిప్పైన్సు వందాతో సంకరం చేసిన ‘రాత్స్‌చైల్డియానా’ నమోదైనది. క్రమంగా నీలి వందా సీసాలలో మొలిచి, తోటలలో పెరిగి, సామాన్యునికి అందినది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రిందికి, 1991 సవరణ ద్వారా, నీలి వందా కూడా చేరినది. అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడికలో మొదట అత్యంత కఠినమైన పట్టికలో ఉండిన ఈ మొక్కను, తోటలలోని పెంపకం విస్తరించిన పిమ్మట, 2004లో రెండవ పట్టికకు మార్చినారు.

అయినను పాత పంతం చావలేదు. 2002లో పెరూ దేశంలో, దారిప్రక్కన అమ్మకానికి పెట్టిన ఒక గులాబిఊదా ఆర్కిడ్‌ను అమెరికా వర్తకుడొకడు కొని, అనుమతి లేకనే ఫ్లారిడాకు తెచ్చినాడు. అది శాస్త్రానికి అంతవరకు తెలియని జాతి. దానికి అతని పేరే పెట్టి ‘కొవాచీ’ అన్నారు. 2004లో అతడు న్యాయస్థానంలో నేరం ఒప్పుకొనవలసివచ్చినది. ఈలోగా ఆ పువ్వు కీర్తి ప్రాకి, అడవిలోని మొక్కలను దొంగలు పెకలించుకొనిపోయినారు. తరువాత పెరూ ప్రభుత్వం కొలది మొక్కలకు మాత్రమే అనుమతి ఇచ్చి, వాని విత్తుల నుండి మొలకలు పెంపించినది. మొలక మొక్క చేతికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది. ప్రమాదమంతా ఆ కొన్నేళ్లలోనే ఉన్నది. పువ్వు పేరు లోకానికి తెలియడానికి ఒక్క రోజు చాలు. మొలక పూయడానికి ఏళ్లు కావలె. ఆ నడిమికాలం ఓర్వలేనివాడే అడవిని దోచేవాడు.

ఇంత దూరపు కథలు వినినప్పుడు మన ఊరి చెట్టు కూడా గుర్తు రావలె. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో లండనులో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మన ప్రాంతపు వందాను కూడా బొమ్మతో వర్ణించినాడు. గోధుమవన్నె గళ్ల రేకులు, ఊదానీలపు పెదవి, చక్కని వాసన గల ఆ పువ్వు ఇప్పటికీ మన పాత మామిడితోపులలో పూస్తుంది. దాని కొరకు ఎవరూ వేయి పౌన్లు ప్రకటింపలేదు. బదనిక అనుకొని కోసిపారవేయువారే ఎక్కువ. కొందరు దానిని మందు కొరకు పీకుతారు. చెట్టునే కొట్టివేస్తే దానితో కొమ్మమీది పువ్వూ పోతుంది. వెల కట్టిన పువ్వును వెల చంపబోయినది; వెల కట్టని పువ్వును ఎరుకలేమి చంపుతున్నది. ముదిరిన మామిడిచెట్టును గొడ్డలి తాకకముందు ఒక్కమారు తల ఎత్తి దాని కొమ్మలవైపు చూచుట మనకు పైసా ఖర్చులేని పని.