సెకండ్ హ్యాండ్ కారుకు ఎంత ఇంజిన్ కావాలి?

పాత కార్ల మార్కెట్లో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కోసం తిరిగే కుటుంబానికి మోడళ్ల పేర్లు పాతిక దాకా వినిపిస్తాయి గానీ, ఇంజిన్ల దగ్గరికి వచ్చేసరికి బేరం ఎక్కువగా రెండింటి మధ్యే ఆగుతుంది: లీటరు ఇంజిన్, లేదా 1.2 లీటరు ఇంజిన్. దీనికి కారణం సాంకేతికత కన్నా పన్నులే. 2006 బడ్జెట్‌లో కేంద్రం, పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ మించని కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. 2017లో జీఎస్టీ వచ్చినా, 2025లో చిన్న కార్ల పన్ను 18 శాతానికి దిగినా ఆ గీత మాత్రం చెరగలేదు. అందుకే మారుతి, హ్యుందాయ్ ఇంజిన్లు 1197 సీసీ దగ్గర, టాటా, హోండా ఇంజిన్లు 1199 దగ్గర ఆగిపోయాయి. ఇక కొనేవారికి మిగిలింది ఆ 200 సీసీల మీమాంస. ఊళ్లో తిరగడానికి లీటరు ఇంజిన్ చాలునని, మైలేజీ కలిసొస్తుందని అమ్మేవారు చెబుతారు. ఆ మాట ఒక్కరే నడుపుకునే కారుకు సరిపోతుంది. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, డిక్కీలో సామాను సర్దుకుని ఊరికి వెళ్లే కారు లెక్క వేరు.

సీసీ అంటే ఇంజిన్ ఎంత గాలి పీల్చగలదన్న కొలత. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లు తిరిగేలోపు తన సీసీకి తగ్గ గాలిని లోపలికి తీసుకుంటుంది. ఎంత గాలి దొరికితే అంత పెట్రోల్‌నే సవ్యంగా మండించగలదు. టర్బో లేని చిన్న పెట్రోల్ ఇంజిన్లలో లీటరు గాలికి ఇంచుమించు 90 నుంచి 95 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, వస్తుంది. 2019లో వచ్చిన వ్యాగన్ఆర్‌లో 998 సీసీ ఇంజిన్ టార్క్ 90, 1197 సీసీ ఇంజిన్ టార్క్ 113. కంపెనీ మారినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. బ్రోషర్లో పెద్ద అక్షరాలతో కనిపించే హార్స్ పవర్ మాత్రం వేరే సంగతి. టార్క్‌ను ఇంజిన్ వేగంతో గుణిస్తే వచ్చేదే పవర్ కాబట్టి, చిన్న ఇంజిన్‌ను ఇంకాస్త వేగంగా తిప్పి అదే అంకె చూపించవచ్చు. ఫోక్స్‌వాగన్ పోలో ఇందుకు మంచి ఉదాహరణ. 2018లో 1.2 లీటరు ఇంజిన్ తీసేసి దాని స్థానంలో లీటరు ఇంజిన్ పెట్టారు. పవర్ 75 నుంచి 76కి చేరింది. టార్క్ మాత్రం 110 నుంచి 95కి పడిపోయింది. పాత ఇంజిన్ 5400 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే పవర్ కోసం కొత్తదాన్ని 6200 దాకా తిప్పాలి. కుటుంబంతో వెళ్తూ ఇంజిన్‌ను అంత అరిపించేవారు అరుదు. రోజువారీ నడకలో పనికొచ్చేది 2000 నుంచి 3500 ఆర్‌పీఎం మధ్య దొరికే లాగుడే.

ఆ లాగుడు మొత్తం కారును ముందుకు దూకించడానికే ఖర్చవదు. గాలిని చీల్చుకోవడానికి కొంత, టైర్ల రాపిడికి కొంత, ఏసీ కంప్రెసర్‌కు కొంత, గేర్‌బాక్సులో నష్టం కింద కొంత పోతుంది. నెల జీతంలో అద్దె, సరుకులు, ఫీజులు పోగా చేతిలో మిగిలేదే మన అసలు స్థోమత అయినట్టు, ఈ ఖర్చులు పోగా మిగిలే శక్తే జనం పికప్ అనుకునేది. వ్యాగన్ఆర్ ఖాళీ బరువు 820 కిలోల అటూ ఇటూ. ఐదుగురు మనుషులు, సామాను కలిపితే ఇంకో 360 కిలోలు. రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటడానికి గంటకు 60 నుంచి 90 కిలోమీటర్ల వేగం అందుకోవాలనుకుందాం. 3500 ఆర్‌పీఎం దగ్గర లీటరు ఇంజిన్ 33 కిలోవాట్లు, 1.2 ఇంజిన్ 40 కిలోవాట్లు ఇస్తాయి. ఏసీకి రెండున్నర, గేర్లలో పదో వంతు, గాలికీ టైర్లకూ కలిపి ఏడు కిలోవాట్లు తీసేస్తే మొదటిదానికి 20, రెండోదానికి 27 మిగులుతాయి. ఇంజిన్ల మధ్య 21 శాతంగా కనిపించిన తేడా మిగులు దగ్గరికొచ్చేసరికి మూడో వంతు అయింది, ఎందుకంటే ఖర్చులు రెండింటికీ ఒకటే. సమయంలో చెప్పాలంటే ఒకదానికి సుమారు 10 సెకన్లు, ఇంకోదానికి 8 సెకన్ల లోపు. ఎదురుగా 60 వేగంతో బస్సు వస్తుంటే ఆ రెండు సెకన్ల పైచిలుకు తేడా 85 మీటర్ల రోడ్డుతో సమానం.

ఘాట్ రోడ్డు మీద ఈ తేడా ఇంకా పెరుగుతుంది. వంద మీటర్లకు ఏడు మీటర్లు లేచే ఎత్తు మీద, ఫుల్ లోడుతో, గంటకు 40 వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర 11 కిలోవాట్లు కావాలి. మూడో గేరులో 2300 ఆర్‌పీఎం దగ్గర లీటరు ఇంజిన్ 80, పెద్దది 100 న్యూటన్ మీటర్లు ఇస్తాయని అంచనా వేసుకుంటే, ఏసీ, గేర్ల ఖర్చు పోను చక్రాలకు చేరేది 15, 19 కిలోవాట్లు. మిగులు ఒకదానికి నాలుగు, ఇంకోదానికి ఎనిమిది. సరిగ్గా రెట్టింపు. దీనికి మన వేసవి కూడా తోడవుతుంది. ఇంజిన్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల గాలిని ప్రమాణంగా తీసుకుని లెక్కకడతారు. 42 డిగ్రీల గాలి అంతకన్నా 5 శాతానికి పైగా పలుచన. ఇంజిన్‌కు దొరికే గాలి తగ్గే వేళకే ఏసీ ఎక్కువ అడుగుతుంది. గేరు తగ్గించుకుంటే సరిపోదా అంటే, సరిపోతుంది. రెండో గేరులో లీటరు ఇంజిన్ కూడా అరకు ఘాట్ ఎక్కేస్తుంది. కాకపోతే మోత పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, ఏ మైలేజీ కోసం ఆ ఇంజిన్ కొన్నామో అది అక్కడే కరిగిపోతుంది.

మైలేజీ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం మాత్రం న్యాయం కాదు. దాని వెనక భౌతికశాస్త్రం ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో వేగాన్ని అదుపు చేసేది థ్రాటిల్, అంటే గాలి దారిలో తలుపు. ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తున్నప్పుడు అది దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు ఆ సందులోంచి గాలిని పీల్చుకోవడానికే కొంత ఇంధనం వృథా చేస్తాయి. చిన్న ఇంజిన్‌కు అదే పనికి తలుపు ఇంకాస్త తెరుచుకుంటుంది కాబట్టి వృథా తక్కువ. అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, అధిక వేగంతో తిప్పితే కథ తిరగబడుతుంది. నాకింగ్ రాకుండా, క్యాటలిటిక్ కన్వర్టర్ మాడిపోకుండా కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోల్ పోయిస్తుంది. పరీక్షల్లో సైతం తేడా స్వల్పమే. 2022లో మెరుగుపరచిన వ్యాగన్ఆర్ ఇంజిన్లకు కంపెనీ ప్రకటించిన మైలేజీ, మాన్యువల్ గేర్లతో, 24.35, 23.56. మూడు శాతం చిల్లర. రోడ్డు మీద లీటరుకు 17 వస్తుందనుకుని ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే అదనంగా తాగేది పాతిక లీటర్ల లోపు. దీనికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కలపండి: 2022లో ఖరారైన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 2094 రూపాయలు, ఆపైన 1500 సీసీ దాకా 3416 రూపాయలు. మొత్తం మీద పెద్ద ఇంజిన్‌కు ఏడాదికి అయ్యే అదనపు ఖర్చు నాలుగు వేల రూపాయల చుట్టుపక్కలే. ఇంట్లో ఒకరిద్దరే ఉండి, కారు ఆఫీసుకీ బజారుకీ తప్ప ఊరు దాటదంటే ఆ నాలుగు వేలు మిగుల్చుకోవడమే తెలివి.

టర్బో సంగతేమిటని అడగవచ్చు. 2020 నాటి పోలో టర్బో ఇంజిన్ 999 సీసీయే అయినా 175 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. గాలిని ఒత్తిడితో నింపినప్పుడు సీసీ లెక్క వర్తించదు. కానీ నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బైన్ బతుకంతా ఇంజిన్ ఆయిల్ మీదే ఆధారపడుతుంది. మొదటి యజమాని ఆయిల్ వేళకు మార్పించాడనడానికి సర్వీస్ రికార్డు లేకపోతే, పాత టర్బో కొనడం జూదమే. సీఎన్‌జీది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇంజిన్ సిలిండర్లో గాలి చోటును గ్యాస్ ఆక్రమించుకుంటుంది. పెట్రోల్ మీద 89 ఇచ్చే లీటరు వ్యాగన్ఆర్ సీఎన్‌జీ మీద 82 మాత్రమే ఇస్తుంది. పైగా ట్యాంకు బరువొకటి. అరిగిన రింగులు, సరిగ్గా మూసుకోని వాల్వులు చేసే నష్టం కూడా ఈ కోవదే. మండిన వాయువు కారిపోతే ముందుగా కోత పడేది ఆ కాస్త మిగులుకే. అందుకే వదిలేసిన 1.2 కన్నా బాగా చూసుకున్న లీటరు ఇంజిన్ మేలు. కండిషన్ సమానంగా ఉన్నప్పుడే సైజు ప్రశ్న వస్తుంది.

అప్పుడు చూడాల్సింది కూడా ఒట్టి సీసీ కాదు. ఆర్‌సీలో క్యూబిక్ కెపాసిటీతో పాటు ఖాళీ బరువూ ఉంటుంది. దానికి మీ ఇంటిల్లిపాది బరువు కలిపి, బ్రోషర్లోని టార్క్‌ను ఆ మొత్తం టన్నులతో భాగించండి. ఐదుగురితో లీటరు వ్యాగన్ఆర్‌కు 76 వస్తుంది, 1.2కు 94. టన్ను పైచిలుకు బరువున్న పోలోలో లీటరు ఇంజిన్‌కు 70 కూడా రాదు, పాత 1.2కు 80 దగ్గర ఆగుతుంది. పేరుకు ఒకే సైజు ఇంజిన్లు ఇంత దూరంగా నిలబడటానికి కారణం బరువే. ఊరి ప్రయాణాలున్న కుటుంబానికి 90 దాటితే నిశ్చింత, 75 లోపు పడితే ప్రతి ఓవర్‌టేక్‌కూ గేర్లతో కుస్తీ తప్పదు. లెక్క సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. అందరినీ ఎక్కించుకుని, ఏసీ పూర్తిగా పెట్టి, దగ్గర్లోని ఫ్లైఓవర్ మీద మూడో గేరులో 40 దగ్గర నుంచి యాక్సిలరేటర్ తొక్కండి. అప్పుడు వేగం పుంజుకోని బండి ధర ఎంత తగ్గించినా మీ కుటుంబానికి చిన్నదే.