నెయ్యి గడ్డకడుతుంది, మరి కణం పొర ఎందుకు గడ్డకట్టదు?

చలికాలం పొద్దున్నే నెయ్యి డబ్బాలో స్పూన్ దిగదు. పక్కనే ఉన్న సన్‌ఫ్లవర్ ఆయిల్ మాత్రం ఎప్పట్లాగే జారుతుంటుంది. రెండూ కొవ్వులే కదా, ఈ తేడా ఎందుకు? ఇది పట్టుకుంటే ఇవాళ్టి టాపిక్ కణత్వచం, అదే సెల్ మెంబ్రేన్, సగం అర్థమైపోయినట్టే.

కొవ్వుల్లో పొడవాటి ఫ్యాటీ యాసిడ్ తోకలుంటాయి. నెయ్యిలో చాలావరకు నిటారు తోకలు. అగరుబత్తుల కట్టలాగా దగ్గరగా సర్దుకుని బిగుసుకుపోతాయి. నూనెలో ఎక్కువ తోకలకు డబుల్ బాండ్ దగ్గర ఒక వంపు. వంకర పుల్లల్ని కట్ట కట్టి చూడండి, మధ్యలో సందులు మిగిలిపోతాయి. అందుకే చలికీ బిగుసుకోవు.

కణం చుట్టూ ఉండే పొరా ఇలాంటి తోకలతోనే తయారైంది. ఫాస్ఫోలిపిడ్‌కి ఒక తల, రెండు తోకలు. తలకి నీళ్ళంటే ఇష్టం, తోకలకి అస్సలు పడదు. లోపలా బయటా నీళ్ళే కాబట్టి తలలు రెండు వైపులా నిలబడతాయి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. మందం సుమారు 5 నానోమీటర్లు. మధ్యమధ్యలో ప్రోటీన్లు. ‘ఫ్లూయిడ్ మొజాయిక్ మోడల్, సింగర్, నికల్సన్, 1972’ అని ఎగ్జామ్‌లో రాసేస్తాం గానీ, ఆ ‘ఫ్లూయిడ్’ దగ్గర ఎవరం ఆగం. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకే కణం చేశారు. ప్రోటీన్లకు వేర్వేరు రంగులు అంటించారు. మొదట సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో అన్నీ కలిసిపోయాయి! బాగా చల్లగా ఉంచితే కలవలేదు.

మరి ఎప్పుడూ చలిలోనే బతికే జీవి సంగతేంటి? దీనికి జవాబు వెతికిన ల్యాబ్ మా ఏరియాలోనే ఉంది. నేనుండేది నాచారం. హబ్సిగూడ చౌరస్తాకి వచ్చి ఉప్పల్ వైపు తిరిగితే సీసీఎంబీ. ఎస్. శివాజీ గారి బృందం అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియాకి 1992లో స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కిటికస్ అని పేరు పెట్టింది. ఉప్పల్ ఎండల్లో అంటార్కిటికా బ్యాక్టీరియా, ఊహించుకోండి!

చలికి పొర బిగుసుకుంటే ప్రోటీన్లు పనిచేయవు, తిండి లోపలికి రాదు. అందుకే చలి బ్యాక్టీరియాలు తోకల్లో వంపులు పెంచుకుంటాయి. అంటే నెయ్యి లాంటి పొరని నూనె వైపు జరుపుతాయన్నమాట. మరీ వదులైతే పొర లీకవుతుంది. దాన్ని కాస్త బిగించడానికి కెరోటినాయిడ్లు, అంటే క్యారెట్ రంగు కుటుంబం పనికొస్తాయి. ఈ బ్యాక్టీరియాలో వాటినీ సీసీఎంబీ వాళ్ళు స్టడీ చేశారు.

మన కణాల్లో ఆ బ్యాలెన్స్ చూసేది ఎవరో తెలుసా? కొలెస్ట్రాల్! రీల్స్‌లో రోజూ తిట్లు తినే అదే కొలెస్ట్రాల్. వేడికి తోకలు మరీ కదిలిపోకుండా ఆపుతుంది, చలికి మరీ అతుక్కోకుండా అడ్డుపడుతుంది. అలాగని రక్తంలో ఎల్‌డీఎల్ పెరిగితే మంచిదని కాదు, అది గుండెకు ప్రమాదమే. ఇంట్లో ఎవరైనా దానికి మందు వాడుతుంటే, నా వీడియో చూసి ఆపించకండి ప్లీజ్.

సీసీఎంబీలోనే అమితాభ ఛటోపాధ్యాయ గారి బృందం మెదడు కణాల పొరలోంచి కొలెస్ట్రాల్ తీసేసి చూసింది. మూడ్‌తో సంబంధమున్న సెరటోనిన్ 1ఏ రిసెప్టర్ పని దెబ్బతింది. రిసెప్టర్ అక్కడే ఉంది, దాని చుట్టూ ఉన్న పొరే మారింది. కాలా అజార్ తెచ్చే లీష్మానియా మీదా వాళ్ళు ఇలాగే చూశారు. కణం పొరలో కొలెస్ట్రాల్ తగ్గించాక, ఆ పరాన్నజీవి లోపలికి దూరడం కూడా తగ్గింది.