వీధి చిత్రములను జూచు విధము

చిత్రకళ యనగానే మనలో బెక్కుమందికి బంగారుపూత చట్రములును, రాతి మందిరములును జ్ఞప్తికి వచ్చును. కాని రుసుము చెల్లింపక, తలుపు తట్టక, త్రోవను బోవు ప్రతివాడును జూడగల కళ యొకటి కలదు. అదియే వీధి చిత్రకళ. తెలుగువారి కిది క్రొత్త కాదు. ధనుర్మాసమున వేకువజామున స్త్రీలు వాకిళ్లయందు బెట్టు ముగ్గులు వీధి చిత్రములే గదా! చుక్కలు లెక్కించి పెట్టి, వ్రేళ్ల సందునుండి పిండిని సన్నని ధారగా విడుచుచు, గీత తెగకుండ నల్లుదురు. మధ్యాహ్నమునకే బండ్ల చక్రములును, బాటసారుల పాదములును వానిని జెరిపివేయును. మరునాటి యుదయమున మరల క్రొత్త ముగ్గు.

ఇట్టి కళను మేము చిరకాలము కళగా నెన్నలేదు. గోడమీద గీత కనబడిన వెంటనే సున్నము కొట్టించుటయే క్రమశిక్షణ యని తలచితిమి. కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల ప్రహరీగోడపై నెవడో విద్యార్థి బొగ్గుతో నొక బొమ్మ వ్రాసెను. నడుము వంచి చీపురు పట్టిన వృద్ధురాలి బొమ్మ యది. గోడ పెచ్చులూడి యిటుకలు బయటపడిన చోటును వాడామె చీరచెరగుగా మలచుకొనెను. ఆ నేర్పు మా కంటబడకపోలేదు. అయినను గోడ పాడయ్యెనను కోపమే మిక్కుటమై, బడిగంట మ్రోగకమునుపే సున్నము వేయించితిమి. సాయంకాలమున మా పాఠశాల నూడ్చు అవ్వ వచ్చి, "అయ్యగారూ, పిల్లకాయలు నా బొమ్మ గీసినారంట గదా, యాడుందయ్యా?" అని యడిగెను. మాకు నోట మాట రాలేదు.

తరువాత నమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున జరిగిన యొక సంగతిని జదివి మరింత సిగ్గుపడితిమి. 1932లో మెక్సికో దేశపు చిత్రకారుడైన డేవిడ్ ఆల్ఫారో సికేరోస్, ఓల్వెరా వీధియందలి యొక మేడగోడపై దాదాపు 80 అడుగుల పొడవును, 18 అడుగుల యెత్తును గల "అమెరికా త్రోపికల్" అను చిత్రమును వ్రాసెను. వ్రాయించినవారు చెట్లతోను పక్షులతోను గూడిన సుందరవనము నాశించిరి. ఆతడో, సిలువకు గట్టబడిన యొక ఆదిమవాసిని నడుమ వ్రాసి, వానికి పైగా నొక పక్షిరాజును నిలిపెను. అణగద్రొక్కబడిన జాతుల బాధను వీధి నడుమ బెట్టుట పలువురికి రుచింపలేదు. కొలదికాలమునకే వీధినుండి కనబడు భాగమునకు దెల్లరంగు పూసిరి. కొన్నేండ్లలో చిత్రమంతయు గప్పిరి. దశాబ్దములు గడచిన పిమ్మట, ఎండవానలకా తెల్లరంగు పెచ్చులూడి, సిలువపై మనుష్యుడు మరల నగపడసాగెను. 2012లో దానిని ప్రజల దర్శనమునకు దెరచిరి. వెలసిన రంగులను క్రొత్తగా దిద్దక, మిగిలినదానినే కాపాడిరి.

విద్యార్థులారా! వీధి చిత్రమును జూచుటకు గొప్ప పాండిత్యము వలదు. మొదట నిలువుడు, నడచుచు జూచినది చూచినట్లు కాదు. దూరమునుండి యొకసారియు, దగ్గరనుండి యొకసారియు జూడుడు. రెండవది, గోడను జూడుడు. దాని పగుళ్లను, కిటికీలను, మూలలను చిత్రకారుడు దాచెనా, వాడుకొనెనా? మూడవది, అది యెవరితో నేమి చెప్పుచున్నదో విచారింపుడు. వ్యాపార ప్రకటన సరకు కొనుమనును. ఎన్నికల గోడవ్రాత యోటు వేయుమనును. మంచి వీధి చిత్రము మనము ప్రతిదినము చూచియు జూడని దానిని జూడుమనును. నాలుగవది, గోడ యెవరిదని యడుగుడు. అనుమతిలేక యొరుల గోడపై వ్రాయుట తప్పు. అందము దానిని ఒప్పు చేయదు. కాని తప్పును దిద్దుట వేరు, కన్నులు మూసికొనుట వేరు. మేము చేసినది రెండవది.

మన ప్రభువు వంగి నేలమీద వ్రేలితో వ్రాసెనని యోహాను సువార్తయందు గలదు. ఏమి వ్రాసెనో యెవరును భద్రపరుపలేదు. నిలిచియుండుటయే కళకు గొప్పతనమైనచో, ఆ వ్రాతకును, మన ముగ్గునకును విలువ యేమి?

ఇప్పుడు మా ప్రహరీగోడలో నొక భాగమును విద్యార్థులకు విడిచియున్నాము. ప్రతి వేసవియందును దానికి సున్నము వేయుదుము. కాని యా బొమ్మ యెవరిదో వారిని బిలిచి చూపనిదే, సున్నపు కుంచెను ముట్టరాదని మా నియమము.