సైనికుల కుటుంబాలు - ఎలర్జీ జాగ్రత్తలు

కొందరికి రొయ్యలు పడవు. కొందరికి దుమ్ము పడదు. ఇంకొందరికి ఏదో ఒక మందుబిళ్ళ పడదు. ఇలా ఒంటికి పడకపోవడాన్నే ఎలర్జీ అంటారు. రోగాలతో పోరాడవలసిన మన రక్షణ శక్తి, హాని చేయని పదార్థాన్ని కూడా శత్రువని భావించి ఎదురు తిరగడమే దీనికి కారణం.

సైన్యంలో పనిచేసేవారి కుటుంబాలు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వారికి కొన్నేళ్ళకొకసారి బదిలీ అవుతుంది. వైద్యం వివరాలన్నీ అక్కడి మిలిటరీ ఆసుపత్రిలో ఉంటాయి. సెలవుపై పెడన వచ్చినప్పుడు జ్వరమో, దెబ్బో తగిలితే ఇక్కడి డాక్టరుకు ఆ సంగతులేవీ తెలియవు.

ఇంటికి వస్తేనే తుమ్ములెందుకు?

మన పరుపుల్లో, దిండ్లలో కంటికి కనబడని చిన్న పురుగులుంటాయి. గాలిలో తేమ ఉంటేనే అవి బ్రతుకుతాయి. లడఖ్ వంటి ఎత్తయిన, పొడి ప్రదేశాల్లో ఇవి చాలా తక్కువ. సముద్రం దగ్గరలోని మన డెల్టాలో ఎక్కువ. అందుకే అక్కడ బాగున్న మనిషికి ఇక్కడ తుమ్ములు, ఆయాసం వస్తాయి. "నీళ్ళు మారాయి" అని ఊరుకోకండి. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి. నూర్పిళ్ళ దుమ్ములోకి వెళ్ళేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

కలంకారీ అద్దకం పని చేసేవారికి రసాయన రంగుల వల్ల చేతులు దురద పెట్టి పగలవచ్చు. రబ్బరు తొడుగులు వాడాలి.

ప్రమాద సూచనలు

ఏదైనా తిన్నాక, మందు వేసుకున్నాక, లేదా కందిరీగ కుట్టాక ఈ లక్షణాలు కనిపిస్తే ప్రాణాపాయమని గ్రహించండి.

1. పెదవులు, నాలుక, గొంతు వాయడం, గొంతు బొంగురుపోవడం
2. ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు
3. కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం
4. ఒళ్ళంతా దద్దుర్లతో పాటు వాంతులు, కడుపునొప్పి

వెంటనే ఏమి చేయాలి?

108కు ఫోను చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళ కింద ఎత్తు పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. నడిపించవద్దు. నోటికి ఏమీ ఇవ్వవద్దు.

చాలామంది ఒక అవిల్ బిళ్ళ వేసి, తగ్గుతుందేమోనని ఎదురు చూస్తారు. ఇది ప్రమాదం. అవిల్ దురదను తగ్గిస్తుంది కాని ఆగిపోతున్న ఊపిరిని నిలబెట్టలేదు. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండకు ఇచ్చే ఆడ్రినలిన్ ఇంజెక్షనే. అది ఆలస్యం కాకూడదు. తగ్గినట్లు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు. డాక్టరు చెప్పేవరకు ఆసుపత్రిలోనే ఉండండి.

ఎలర్జీ చీటీ

ఒక అట్టముక్క మీద ఇవి వ్రాయండి: పడని మందు లేదా ఆహారం పేరు, అది తీసుకున్నప్పుడు ఏమైంది, ఏ సంవత్సరంలో, ఏ ఆసుపత్రిలో చూపించారు. పెన్సిలిన్, సల్ఫా, నొప్పి మాత్రల విషయం తప్పక వ్రాయాలి. ఒకటి జవాను పర్సులో, ఒకటి ఇంట్లో ఉండాలి. భార్యాబిడ్డలకు కూడా ఇలాంటి చీటీలు వ్రాసి పెట్టండి. డిశ్చార్జి కాగితం జిరాక్సు దీనికి జత చేయండి. మందుల షాపులో బిళ్ళలు కొనేముందు, ఇంజెక్షను చేయించుకునే ముందు ఈ చీటీ చూపించండి. "ఇప్పుడు పడుతుందేమో చూద్దాం" అని ఇంట్లో పరీక్షించవద్దు.

ఎక్కడ చూపించాలి?

నిదానంగా చేయించుకునే పరీక్షలకు సికిందరాబాదు మిలిటరీ ఆసుపత్రి, నౌకాదళంవారికి విశాఖపట్నంలోని కళ్యాణి ఆసుపత్రి ఉన్నాయి. పింఛను పొందే మాజీ సైనికులకు 2003 ఏప్రిల్‌లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పథకం ఉంది. సభ్యత్వం తీసుకున్నవారు ముందుగా పాలీక్లినిక్‌లో చూపించాలి. కాని ప్రాణాపాయ సమయంలో దూరం వెళ్ళకండి. దగ్గరలో ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళి, తర్వాత పాలీక్లినిక్‌కు తెలియజేయండి. సర్వీసులో ఉన్నవారైతే తమ యూనిట్‌కు తెలియజేయాలి.

సెలవుపై వచ్చే మీవారి పెట్టెలో బట్టలతో పాటు ఈ చీటీ కూడా ఉందో లేదో ఈసారి అడిగి చూడండి.