విడాకుల చిక్కు విప్పే కొలువు

*కోర్టు వాయిదాల్లో ఏళ్లు కరిగిపోకుండా దంపతులను ఒప్పందం దాకా నడిపించడం ఒక నైపుణ్యం. ఫ్యామిలీ లాయర్, కౌన్సెలర్, మీడియేటర్... దారి ఏదైనా మాట వినే ఓపిక ఉన్నవాళ్లకు ఇక్కడ పని ఉంది.*

1999 ఏప్రిల్‌లో పెళ్లయింది. మర్నాడే రెండు వైపుల పెద్దల మధ్య గొడవ మొదలై, తిట్లతో ఆగక చెప్పులు విసురుకునే దాకా వెళ్లింది. రెండు రోజులు తిరిగేసరికి కొత్త దంపతులు ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత వరుసగా కేసులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరి, చివరికి విడాకులు మంజూరైంది 2013 ఫిబ్రవరిలో. కాపురమే చేయని జంటకు విడిపోవడానికి దాదాపు 14 ఏళ్లు పట్టింది!

ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. దాంపత్య వివాదాలను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలనీ, కేసు వేయకముందే సంప్రదించేందుకు మీడియేషన్ కేంద్రాల్లో ప్రత్యేక డెస్కులు ఉండాలనీ ఆదేశించింది. విడాకులు తొందరగా, సాఫీగా పూర్తవ్వాలంటే చట్టంలో దగ్గరి దారులు వెతకడం కన్నా ఇద్దరినీ ఒక ఒప్పందానికి తెచ్చే మనిషి దొరకడం ముఖ్యం. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు?

ఆలస్యం ఎక్కడ?

హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులకు రెండు దారులు. ఒకరు ఆరోపించి, మరొకరు ఎదిరించేది మొదటిది. సాక్ష్యాలు, క్రాస్ ఎగ్జామినేషన్, అప్పీళ్లతో ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. ఇలాంటి కేసును ఆరు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టంలోని 21బి సెక్షన్ చెబుతున్నా వాయిదాలు దాన్ని కాగితానికే పరిమితం చేస్తుంటాయి.

రెండోది పరస్పర అంగీకారం. ఇది 13బి సెక్షన్ కిందకు వస్తుంది. కనీసం ఏడాదిగా విడిగా ఉంటున్న దంపతులు కలిసి పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత, 18 నెలల లోపు మళ్లీ కోర్టుకు వచ్చి అదే మాట మీద ఉన్నామని చెబితే డిక్రీ ఇస్తారు. సమ్మతితో వచ్చిన ఈ డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అప్పీలు ఉండదు. అంటే కేసు నిజంగానే ముగిసినట్టు.

ఆ ఆరు నెలలూ తప్పనిసరా? కాదని 2017 సెప్టెంబరు 12న సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అడిగిన ప్రతివాళ్లకూ మినహాయింపు రాదు. మొదటి పిటిషన్ వేసేనాటికే విడిగా ఉండి ఏడాదిన్నర దాటాలి. కలిపే ప్రయత్నాలు ఫలించలేదని తేలాలి. భరణం, పిల్లల కస్టడీ లాంటి విషయాలన్నీ నిజంగా తేల్చుకుని ఉండాలి. ఇంకా ఆగితే బాధ పెరగడం తప్ప ప్రయోజనం లేదని కోర్టుకు అనిపించాలి. మొదటి దశ పిటిషన్ వేసిన వారానికే ఈ మినహాయింపు కోరవచ్చు. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరో మాట చెప్పింది. మళ్లీ అతుక్కోలేనంతగా విరిగిపోయిన పెళ్లిని రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తానే రద్దు చేయగలనంది. కానీ ఆ అధికారం సుప్రీంకోర్టుదే, కింది కోర్టులకు లేదు.

ఈ షరతుల్లో 'అన్నీ తేల్చుకుని ఉండాలి' అన్నదే అసలు పని. కోర్టు మెట్లెక్కక ముందే అది జరిగిపోతే మిగతా ప్రక్రియ సులువవుతుంది.

పంచాయితీ కాదు, మీడియేషన్

పెద్దమనుషుల పంచాయితీ మనకు కొత్త కాదు. కానీ అక్కడ పెద్దలు తీర్పు చెబుతారు. 'సర్దుకుపో అమ్మా' అనో, 'ఇంత పడేసి వదిలించుకో' అనో తేల్చేస్తారు. మీడియేటర్ తీర్పు చెప్పరు. తప్పు ఎవరిదో తేల్చరు. ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి నియమాలు వివరిస్తారు. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. ఆ గదిలో చెప్పిన మాట బయటకు పోదు, రేపు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. అందుకే నోరు విప్పుతారు.

అప్పుడు చిక్కుముళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. పెళ్లిలో పెట్టిన బంగారం ఎవరి లాకర్‌లో ఉంది? ఇద్దరి పేరా తీసుకున్న ఫ్లాట్ ఈఎంఐ ఇకపై ఎవరు కడతారు? పాప స్కూలు ఫీజు ఎవరిది? వేసవి సెలవుల్లో, సంక్రాంతికి బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? వరకట్న వేధింపుల కేసు నడుస్తుంటే దాన్ని ఏ కోర్టులో, ఎలా ముగించుకోవాలి? వీటిలో ఒక్కటి వదిలేసినా రెండో దశలో ఒకరు అడ్డం తిరుగుతారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. తేదీలు, మొత్తాలు, చెల్లింపు పద్ధతి స్పష్టంగా రాసిన ఒప్పందమే నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. దెబ్బలు, బెదిరింపులు ఉన్నచోట ముందు చూడాల్సింది రక్షణ. భయంతో చేసిన సంతకాన్ని ఒప్పందం అనలేం. ఆ తేడా పసిగట్టడం ఈ వృత్తిలో మొదటి పాఠం.

లెక్కలు తెలిస్తే విలువ ఎక్కువ

భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయ వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఆదేశించింది. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు చదవగలిగిన వాళ్ల అవసరం దీంతో పెరిగింది. 'లా మా సబ్జెక్టు కాదు' అనుకునే బీకాం విద్యార్థులూ ఒకసారి ఆలోచించాలి. బీకాం చేసి లా చదివినవాళ్లకు ఇక్కడ మంచి పట్టు ఉంటుంది.

విదేశాల్లోని తెలుగువాళ్ల కేసులు మరో విభాగం. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక వ్యక్తి అమెరికాలోని మిస్సోరి కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి కోర్టుకు పరిధి ఉందా, మన వివాహ చట్టం ఒప్పుకునే కారణంతోనే విడాకులిచ్చారా, ఎదుటివాళ్లు నిజంగా ఆ కేసులో పాల్గొన్నారా అన్నవి చూడాలి. మరోవైపు, రాలేని పరిస్థితి ఉంటే వీడియో కాన్ఫరెన్స్‌ను వాడుకోవచ్చని, తల్లిదండ్రులో తోబుట్టువులో ప్రతినిధులుగా రావడానికి అనుమతించవచ్చని 2017 తీర్పే చెప్పింది. డాలస్‌లో ఒకరు, గుంటూరులో ఒకరు ఉన్న కేసును ఈ సంగతులు తెలిసిన లాయరు ఎంతో సులువు చేయగలరు.

దారులివి

ఫ్యామిలీ లాయర్: ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, ఏదైనా డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు. టీజీ లాసెట్, ఏపీ లాసెట్ ద్వారా ప్రవేశాలు. తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆలిండియా బార్ ఎగ్జామ్. తొలి రెండు మూడేళ్లు సీనియర్ దగ్గర పని నేర్చుకోవాల్సిందే.

కౌన్సెలర్: ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ పీజీ చేసినవాళ్లకు అనువైన దారి. ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్ల నియామకానికి 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టమే వీలు కల్పించింది. మహిళల కోసం జిల్లాల్లో నడిచే సఖి వన్ స్టాప్ కేంద్రాల్లోనూ కౌన్సెలర్, కేస్ వర్కర్ పోస్టులుంటాయి. ఇవి సాధారణంగా కాంట్రాక్టు పద్ధతిలో ఉంటాయి. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రకటనలు గమనిస్తుండాలి.

మీడియేటర్: ఇది మొదటి ఉద్యోగం కాదు. కోర్టుల జాబితాల్లో ఎక్కువగా అనుభవమున్న లాయర్లు, విశ్రాంత జడ్జీలు ఉంటారు. సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ రూపొందించిన 40 గంటల శిక్షణ ప్రామాణికం. కోర్టు పంపే కేసులకు నెల జీతం కాకుండా గౌరవ వేతనం ఉంటుంది. మీడియేషన్‌కు 120 రోజుల గడువు, ఒప్పుకుంటే మరో 60 రోజులు, మీడియేషన్ కౌన్సిల్ ఏర్పాటు... ఇవన్నీ 2023 మీడియేషన్ చట్టంలో ఉన్నాయి. దీన్ని దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు. లాయరుగానో కౌన్సెలర్‌గానో స్థిరపడుతూ ఈ అర్హత సంపాదించుకోవడం తెలివైన పని.

ఈ మూడింటిలోనూ మొదటి నెల నుంచే పెద్ద జీతం ఆశిస్తే నిరాశ తప్పదు. పైగా రోజూ ఎవరో ఒకరి ఏడుపు వినాల్సిన పని. సాయంత్రానికి దాన్ని ఇంటికి మోసుకెళ్లకుండా ఉండటమూ నేర్చుకోవాలి.

ఇప్పుడే ఏం చేయొచ్చు?

- జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా చేరేందుకు దరఖాస్తు చేయండి. లా విద్యార్థులనూ తీసుకుంటారు. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సాయం ఉందన్న సంగతి పది మందికి చెప్పినా మేలే.
- ఫ్యామిలీ కోర్టు విచారణలు రహస్యంగానూ జరగొచ్చు. కాబట్టి నేరుగా అక్కడికి వెళ్లకుండా లోక్ అదాలత్‌తో మొదలుపెట్టండి. రాజీ ఎలా కుదురుతుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.
- ఎదుటివాళ్లు చెప్పింది విని, మీ అభిప్రాయం కలపకుండా వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పడం సాధన చేయండి. స్నేహితుల తగవులో ప్రయత్నిస్తే ఎంత కష్టమో తెలుస్తుంది.
- ఒక నమూనా ఒప్పందం రాసి చూడండి. 'పిల్లాడిని అప్పుడప్పుడు చూపించాలి' అని రాస్తే తగవు ఇంకా మిగిలే ఉన్నట్టు. 'ప్రతి నెలా రెండో శని, ఆదివారాలు' అని రాస్తే దాదాపు తేలినట్టు. ఈ తేడా పట్టుకోగలిగితే ఈ రంగంలో మీ తొలి అడుగు పడినట్టే.